ఒళ్ళు చేశారండీ!

మా మామగారికి ఒకటే జబ్బు. మనిషి కనబడగానే కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చూసి, "కాస్త ఒళ్ళు చేశారండీ" అంటారు. బాగున్నారా, ఎప్పుడొచ్చారు, పిల్లలెలా ఉన్నారు లాంటి మర్యాదలన్నీ ఆ తర్వాతే. ఎదుటి మనిషి నిజంగా ఒళ్ళు చేశాడా, చిక్కి సగమయ్యాడా అనేది ఆయనకి అక్కర్లేని విషయం.

ఈ నోరు ఏ పోస్టుమాస్టరుకో ఉంటే పోనీలే అనుకోవచ్చు. మా మామగారు దర్జీ. మెడలో టేపు వేసుకున్న మనిషి ఆ మాట అంటే అది సరదా మాట కాదు, తీర్పు. బ్యాంకు మేనేజరు గారి భార్య కొత్త గౌను కుట్టించుకుందామని వచ్చి, ఆ తీర్పు విని, గుడ్డ చంకలో పెట్టుకుని విసురుగా వెళ్ళిపోయింది. ఆవిడ గుమ్మం దిగుతుంటే మా మామగారు వెనక నుంచి కూడా ఓసారి చూసి, "అవునవును, చేశారు" అన్నారు. ఆవిడ మళ్ళీ మా వీధి మొహం చూడలేదు.

దుకాణం ఒక పాత మేడకి మెట్ల కింద ఉండేది. కోటు తొడుక్కుని చెయ్యి పైకెత్తితే మెట్టు తగిలేది. ఒక కుట్టుమిషను, ఒక కత్తిరింపు బల్ల, మూల పగిలిన అద్దం, కోట్లు తొడిగి చూడడానికి తలలేని చెక్క బొమ్మ. ఇదే ఆస్తి. ఆ బొమ్మని కూడా ఆయన వదిలేవారు కాదు. ముసురు పట్టిన రోజుల్లో దానికి కోటు బిగుతైతే, "ఏమే, ఒళ్ళు చేశావు" అనేవారు. వానకి చెక్క ఉబ్బుతుంది కాబట్టి, ఆయన జీవితంలో న్యాయంగా అన్నది అదొక్కటే.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది, వాళ్ళమ్మాయిని నాకిమ్మని అడగడానికి వెళ్ళినప్పుడు. దారి పొడుగునా వల్లె వేసుకున్న మాటలు నోట్లోంచి ఊడిపడకముందే ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి దించారు.

"కాస్త ఒళ్ళు చేశావు బాబూ."

"మీరు నన్నెప్పుడూ చూడలేదు కదండీ?" అన్నాను.

"చూడకపోతేనేం? నిన్నటికంటే చేశావు."

"నిన్న నేనెలా ఉన్నానో మీకెలా తెలుసు?"

"నాకు తెలీదు. నీ చొక్కాకి తెలుసు. గుండీలు చూడు పాపం, ఊపిరాడక ఎలా గిలగిల్లాడుతున్నాయో."

తలుపు వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్విన పిల్లే తర్వాత నాకు పెళ్ళామైంది. ఆ చొక్కా మా తమ్ముడిదని మాత్రం నేను ఇప్పటికీ ఆయనకి చెప్పలేదు.

"ఇన్నేళ్ళ కాపురంలో ఈయన నోట 'తగ్గావు' అన్న మాట ఒక్కసారే విన్నాను," అనేది మా అత్తగారు. "ఎప్పుడనుకున్నారు? మీ ఆవిణ్ణి కన్న రోజు. మంత్రసాని బిడ్డని చేతికిస్తే, బిడ్డని చూడకుండా నన్ను చూసి, 'కాస్త తగ్గావే' అన్నారు. తగ్గక ఏం చేస్తాను?"

అలాంటి రోజుల్లో దేశానికి కష్టకాలం వచ్చింది. ఎందుకొచ్చిందో రేడియోలో పెద్దవాళ్ళు రోజూ చెప్పేవాళ్ళు, రోజుకో కారణం. మా వరకు కనబడింది వేరు. రొట్టెల కొట్టువాడు పలక మీద ధర సుద్దతో రాసి, పక్కనే తడిగుడ్డ పట్టుకుని నిలబడేవాడు. లైను మొదట్లో ఉన్నవాడికి ఒక ధర, చివర్లో ఉన్నవాడికి ఇంకో ధర. టీ కొట్టువాడు గ్లాసులు మార్చాడు. కొత్త గ్లాసులకి అడుగు మందం ఎక్కువ, పైన చోటు తక్కువ. కరెంటు చుట్టంచూపుగా వచ్చి, కూర్చోమనే లోపు వెళ్ళిపోయేది.

ఇంకో విశేషం. లైన్లలో మగవాళ్ళందరూ ఒక చేత్తో సంచీ, రెండో చేత్తో ప్యాంటు పట్టుకుని నిలబడేవాళ్ళు. బెల్టుకి కొత్త బెజ్జాలు పొడిచీ పొడిచీ, ఇక పొడవడానికి తోలు మిగల్లేదు. ఎప్పుడో ఒక బస్సు వస్తే కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. సంచీ వదలాలా, ప్యాంటు వదలాలా అని తేల్చుకునేలోగా బస్సు వెళ్ళిపోయేది.

నేను బొమ్మల ఫ్యాక్టరీలో చెక్క గుర్రాలకి కళ్ళు దిద్దే సెక్షనుకి సూపర్‌వైజర్ని. తిండికే కటకటగా ఉంటే గుర్రాలెవరు కొంటారు? ఒకరోజు మధ్యాహ్నం, గుర్రాలకి ఒక కన్ను దిద్దడం అయి రెండో కంటికి రంగు కలుపుతుండగా, పని ఆపమని చెప్పి గేటు మూసేశారు. గుర్రాలన్నీ ఒంటికన్నుతో లోపల ఉండిపోయాయి. మేము రెండు కళ్ళతో బయటికొచ్చి ఏం చూడాలో తోచక నిలబడ్డాము.

అద్దె కట్టలేక, భార్యనీ చిన్న కూతుర్నీ వెంటబెట్టుకుని మామగారి ఇంట్లోకి చేరాను. దుకాణం మెట్ల కింద, ఇల్లు మెట్ల పైన. ఇల్లరికపు అల్లుడికి మర్యాద తగ్గుతుందంటారు. నాకు మర్యాదేమీ తగ్గలేదు, ఒళ్ళే తగ్గింది. గిన్నెలో ఉన్నది పాపకి మిగలాలని నేను ఆకలి లేదనేవాణ్ణి. మా ఆవిడా ఆకలి లేదనేది. మా అత్తగారు అసలే లేదనేది. ఒకే ఇంట్లో ఇంతమందికి ఆకలి లేకపోవడం మా పాపకి పెద్ద వింతగా ఉండేది. మా మామగారు మాత్రం తెల్లారగానే నా వంక చూసి, "అల్లుడూ, ఒళ్ళు చేశావు" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. మండడానికి కూడా పెద్దగా ఒళ్ళు లేదు.

దుకాణంలో కొత్త బట్టలు కుట్టించుకునే నాథుడు లేడు. రెండే రకాల పనులు. అరిగిపోయిన కాలరు ఊడదీసి, తిరగేసి కుట్టడం ఒకటి. జారిపోతున్న నడుము బిగించడం రెండోది. ఊరంతా చిక్కి పుల్లలైపోతుంటే ఆయన ఆ మాట మానేస్తారేమో అనుకున్నాను. మానలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది.

బస్సు డ్రైవరొకాయన ప్యాంటు బిగించుకోవడానికి వచ్చాడు.

"కాస్త ఒళ్ళు చేశారండీ."

"ఒళ్ళా?" అని డ్రైవరు కళ్ళెర్రజేశాడు. "కడుపునిండా తిని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. ఒళ్ళెక్కణ్ణుంచి వస్తుందయ్యా?"

"నేననేదీ అదే. తినకుండానే ఇంతున్నారు, తింటే నా దుకాణంలో పడతారా?"

డ్రైవరు కొట్టడానికి చెయ్యెత్తాడు. పైన మెట్టు తగిలింది. ఎత్తిన చెయ్యి ప్యాంటు పట్టుకున్న చెయ్యి కావడంతో గొడవ అంతటితో ఆగి, ఇద్దరూ పగలబడి నవ్వడం మొదలుపెట్టారు.

వీధి చివర బడిలో పనిచేసే పంతులమ్మ గారొచ్చారు. "నడుము బాగా బిగించండి. సగమైపోయాను," అన్నారావిడ, ఎటో చూస్తూ.

"ఎవరన్నారు సగమైపోయారని?" మామగారు మెడలో టేపు తీసి ఆవిడ నడుముకి చుట్టారు. "నా మాట మీకు నమ్మకం లేదు. మీరే చదువుకోండి."

పంతులమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. మొహం విప్పారింది. "ఇదేమిటి, పాత కొలతే ఉందే!"

"పాతదానికంటే అరంగుళం ఎక్కువుంది. ఒళ్ళు చేశారండీ."

"మరి గౌను ఎందుకు జారిపోతోంది?"

"మీరు ఒళ్ళు చేశారు, గుడ్డ మీకంటే ఎక్కువ చేసింది. ఈమధ్య మిల్లులు పాడైపోయాయి, అంతా సాగుడు గుడ్డే నేస్తున్నాయి."

ఆవిడ నవ్వుతూ గుమ్మం దిగి వెళ్ళారు. మామగారు ఆ గౌనుని పిన్నులు గుచ్చి, కేవలం కంటి అందాజుతో బిగించి కుట్టారు, టేపు ముట్టుకోలేదు. వయసు మీద పడి చాదస్తం పెరిగిందనుకున్నాను. వారం తిరిగేసరికి మా వీధిలో జనం ప్రభుత్వాన్ని వదిలేసి మిల్లుల్ని తిట్టడం మొదలుపెట్టారు.

ఇలా ఉండగా గోదాముల కాపలా కంపెనీ మనుషుల్ని తీసుకుంటోందని తెలిసింది. దేశంలో అన్నీ మూతపడుతుంటే తాళాలకీ, తాళాల ముందు నిలబడేవాళ్ళకీ గిరాకీ వచ్చింది. జీతం, దానికి తోడు రోజూ ఒక పూట భోజనం. ఆ భోజనం మాట వినగానే మా ఆవిడ కళ్ళు మెరిశాయి. అయితే ఒక మెలిక ఉంది. ఛాతీ ముప్ఫై నాలుగు అంగుళాలకి తగ్గకూడదట. దేశం పుష్టిగా ఉన్నకాలంలో ఎవరో పుష్టిగా ఉన్నాయన రాసిన నిబంధన అది.

మా ఆవిడ పాప జడ రిబ్బను విప్పి నా ఛాతీకి చుట్టి, ఆ రిబ్బన్ని స్కేలు పెట్టి కొలిచింది. ముప్ఫై రెండు. ఊపిరి బిగబట్టాను. అప్పుడూ ముప్ఫై రెండే. నాలో గాలికి కూడా కరువొచ్చిందని అర్థమైంది. ఈ ఉద్యోగం తప్పితే, పాపని తీసుకుని మా ఆవిడ దూరాన ఉన్న వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళడం, నేను ఏదో ఒక ఊరు పట్టుకుని పోవడం అని అప్పటికే అనుకుని ఉన్నాము. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఆకలి నిజంగానే పోయేది.

అదృష్టం బాగుండి, ఆ కాపలావాళ్ళ యూనిఫారాలు కుట్టే పని మా మామగారికే వచ్చింది. ఎంపిక రోజున ఛాతీలు కొలిచే పని కూడా ఆయనకే అప్పజెప్పారు, ఒకే దెబ్బకి రెండు పనులూ అయిపోతాయని. ఇంకేం, పంట పండిందనుకున్నాం. ఎంపిక ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ మెల్లగా కదిపింది.

"నాన్నా, రేపు ఈయనకి ఒక్క రెండంగుళాలు కలిపి చెప్పవూ?"

మామగారు చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశారు. "నేనా? కొలత తప్పు చెప్పడమా? నా టేపు అబద్ధం చెప్పదు!"

"అదేమిటండీ," అంది మా అత్తగారు. "ఊరందరికీ లేని ఒళ్ళు అంటగడతారు. సొంత అల్లుడికి రెండంగుళాలివ్వడానికి చేతులు రావా?"

"మాట వేరు, టేపు వేరు. మాటంటావా, గాలికి పోయేది. టేపు అన్నం పెట్టే తల్లి."

"ఆ తల్లి ఈమధ్య పెట్టడం లేదుగా," అని గొణిగింది మా అత్తగారు. ఆయన వినిపించుకోలేదు. పైగా లేస్తూ లేస్తూ నా వంక చూసి, "అయినా వీడికి కలపడమెందుకు? ఒళ్ళు చేశాడుగా" అన్నారు. నేను పళ్ళు నూరుకుని పడుకున్నాను.

గోదాము ఆవరణలో మర్నాడు మేమంతా బారులు తీరాం. వంటవాళ్ళూ, టైపిస్టులూ, సంగీతం మాస్టర్లూ, అందరం కాపలావాళ్ళం కావడానికే వచ్చాం. అందరి ఎముకలూ పేరుపేరునా లెక్కపెట్టేలా ఉన్నాయి. కంపెనీ అధికారి కుర్చీ నిండా కూర్చున్నాడు. పక్కన గుమాస్తా.

మా మామగారు వస్తూనే ఒక పేచీ పెట్టారు. "అంకె నేను చదవనండీ. లైన్లో మా అల్లుడున్నాడు. రేపు మాటొస్తుంది. నేను చుడతాను, మీ గుమాస్తా గారే చదవాలి."

"నీతిమంతుడివయ్యా!" అన్నాడు అధికారి. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఉన్న ఒక్క కిటికీ కూడా ఆయనే మూసేశారు.

కొలతలు మొదలయ్యాయి. మామగారు టేపు కొసని బొటనవేలికింద గట్టిగా పట్టుకుని చుట్టడం, "ఒళ్ళు చేశారండీ" అనడం, గుమాస్తా వంగి చదవడం. "ముప్ఫై నాలుగు!" "ముప్ఫై అయిదు!" "ముప్ఫై నాలుగున్నర!" ఒక్కొక్కడూ తన అంకె తానే నమ్మలేక ఛాతీ తడుముకుంటూ పక్కకి వెళుతున్నాడు. నా వంతొచ్చింది. లోకంలో ఉన్న గాలంతా లోపలికి పీల్చి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను.

"వదులు అల్లుడూ, చస్తావు," అని చెవిలో అన్నారు. నవ్వొచ్చి గాలి బుస్సున పోయింది. అయిపోయిందనుకున్నాను.

"ముప్ఫై నాలుగు!" అన్నాడు గుమాస్తా.

"చెప్పానా? ఒళ్ళు చేశాడు," అన్నారు మామగారు.

అధికారికి అనుమానమొచ్చింది. కుర్చీలోంచి లేచి మా బారుని ఒకసారి చూశాడు. "ఈ అగ్గిపుల్లలన్నీ ముప్ఫై నాలుగా? ఏదీ, ఆ టేపిలా ఇవ్వు," అని లాక్కుని తన నడుముకే చుట్టుకున్నాడు. మా మామగారి మొహంలో మొట్టమొదటిసారి రంగు మారడం చూశాను. అధికారి తల వంచి అంకె చూశాడు. కళ్ళు పెద్దవి చేశాడు. మళ్ళీ చూశాడు.

"నలభై రెండా? పోయిన వారమే నలభై కదా! రెండు నెలల్నుంచీ ఇంట్లో నాకు చప్పిడి తిండి పెడుతున్నారే!"

మామగారికి ప్రాణం లేచొచ్చింది. కళ్ళజోడు ముక్కు మీదికి దించి, కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చూశారు.

"కాస్త ఒళ్ళు చేశారండీ."

ఆవరణంతా గొల్లుమంది. "మెల్లగా అనవయ్యా!" అని అధికారి టేపుని తేలు పట్టుకున్నట్టు విదిలించి పడేశాడు. "ముందది లోపల పెట్టు. గుమాస్తా, అందర్నీ రాసేసుకో. భోజనం బండి వచ్చిందేమో చూడు, వీళ్ళకి పెట్టండి. నాకొద్దు."

ఆ సాయంత్రం దుకాణంలో మామగారు టీ తాగుతున్నారు. టేపు చెక్కబొమ్మ మెడలో వేలాడుతోంది. నాకు పాప రిబ్బను గుర్తొచ్చింది. రిబ్బను ముప్ఫై రెండంది, టేపు ముప్ఫై నాలుగంది. టేపు కొస చేతిలోకి తీసుకుని చూశాను. ఇత్తడి బిళ్ళ శుభ్రంగా బిగించి ఉంది. దాని పక్కన రెండు దాటింతర్వాత ఉండే గీతలు, ఆపైన మూడు.

"మామయ్యా, ఒకటీ రెండూ ఏవి?"

"ఎక్కడికి పోతాయి? ఉన్నాయి," అని చొక్కా జేబులోంచి ఒక చిన్న ముక్క తీసి బల్ల మీద పెట్టారు. దాని మీద ఒకటీ, రెండూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. "రోజులు బాగుపడ్డాక మళ్ళీ అతికించుకోవద్దూ?"

"నా టేపు అబద్ధం చెప్పదన్నారే!"

"ఎక్కడ చెప్పింది? ముప్ఫై నాలుగున్న చోట ముప్ఫై నాలుగే ఉంది. మొదటి రెండూ చెప్పలేదు, అంతే."

"నా కోసం కత్తిరించారా?"

"నీకోసం బంగారం లాంటి టేపు పాడుచేసుకుంటానా?" అని టీ ఒక గుక్క తాగారు. "నువ్వు రాకముందే, ఈ కరువు మొదట్లో, పంతులమ్మ గారొచ్చారు. ఆ అద్దం ముందు నిలబడి తన నడుము తనే రెండు చేతులతో పట్టుకుని చూసుకున్నారు. వేళ్ళకి వేళ్ళు దగ్గరపడిపోయాయి. అలా చూస్తూ ఉండిపోయారు. ఒళ్ళు చేశారండీ అన్నాను. నమ్మలేదు. ఈ ఊళ్ళో నా మాట ఎవడు నమ్ముతాడు చెప్పు, పుట్టినప్పట్నుంచీ అదే కూస్తుంటే? అంకె అయితే నమ్ముతారు. అందుకని..." రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి చూపించారు. "టేపు చుట్టుకున్నవాడు తన అంకె ఎక్కడ పడిందో చూసుకుంటాడు గానీ, ఒకటి ఉందో లేదో ఎవడు చూస్తాడు? ఒక్క నీలాంటి ఒంటికన్ను గుర్రాల సూపర్‌వైజరు తప్ప."

ఇన్ని నెలలు పొద్దున్నే నన్ను మండించిన ఆ మాట వెనక ఇంత కథ ఉందని తెలిసేసరికి, ఆ ముసలాయన్ని వాటేసుకోవాలనిపించింది.

"అలా చూడకు," అన్నారు. "గ్లాసు అసలే చిన్నది, నువ్వేడిస్తే టీ పల్చబడుతుంది."

ఆ టేపుతో కుట్టిన యూనిఫారాలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? గోదాము ముందు మేము నిలబడితే, కొయ్యలకి ఆరేసినట్టుండేది. అధికారి మామగారిని పిలిపించి కేకలేశాడు. "ఇంత వదులుగా కుట్టావేమిటయ్యా?"

"ఒళ్ళు చేస్తారండీ. మీరు జీతాలు వేళకివ్వండి, ఆ భోజనం బండి మానకండి. అప్పుడు సరిపోకపోతే నన్నడగండి," అన్నారు మామగారు.

సరిపోయాయి. అందరికంటే ముందు నాదే సరిపోయింది. మెల్లగా దేశం కూడా తేరుకుంది. రొట్టెల కొట్టు పలక మీద సుద్దరాత రెండు రోజులు చెరక్కుండా ఉందని జనం వెళ్ళి చూసొచ్చారు. బొమ్మల ఫ్యాక్టరీ గేటు తెరిచి, మమ్మల్ని పిలిచి, గుర్రాలకి రెండో కన్ను కూడా పెట్టించారు. బ్యాంకు మేనేజరు గారి భార్య తప్ప పాత ఖాతాదార్లందరూ కొత్త బట్టలకొచ్చారు. మామగారు జేబులోంచి ఆ ముక్క తీసి, వెనక చిన్న గుడ్డపట్టీ వేసి, ఒకటినీ రెండునీ టేపుకి కుట్టేశారు.

ఆమధ్య నా కోటు గుండీలు పట్టడం మానేశాయి. పొట్ట ఎంత వచ్చిందంటే, బూట్లు నావో కావో తెలుసుకోవడానికి మా ఆవిణ్ణి అడగాల్సి వస్తోంది. కోటు పట్టుకుని మెట్ల కిందికి వెళ్ళాను. మామగారు అతుకులేసిన టేపు నా నడుముకి చుట్టి, అంకె చూసి, మళ్ళీ చూసి, టేపు తీసి మెడలో వేసుకున్నారు.

"అనండి మామయ్యా," అన్నాను. "ఇన్నాళ్ళకి న్యాయంగా అనే అవకాశం వచ్చింది. ఒళ్ళు చేశానా?"

ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి దించి, కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చూశారు.

"ఛ ఛ, నువ్వా?" అన్నారు. "గుడ్డ ముడుచుకుపోయింది అల్లుడూ. మిల్లులు మళ్ళీ పాడైపోయాయి."